డివైస్ సర్వర్‌లో సీరియల్ పోర్ట్ డివైస్ టైప్ ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సీరియల్ డివైస్ సర్వర్‌ని, అంటే సీరియల్ పోర్ట్ ఉన్న మెషిన్లని నెట్‌వర్క్‌కి కలిపే పెట్టెని, నెట్‌వర్క్‌లో పెట్టి ఐపీ అడ్రస్ ఇచ్చేదాకా ఎవరికీ పెద్దగా ఇబ్బంది రాదు. పోర్ట్ సెట్టింగులు తెరిచి, డివైస్ టైప్ దగ్గర పది పేర్లు చూశాకే అందరూ ఆగిపోతారు. అప్పుడు వచ్చే సందేహాలు దాదాపు ఎప్పుడూ అవే కాబట్టి ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

డివైస్ టైప్ అంటే పోర్ట్‌కి తగిలించిన వస్తువు పేరేనా?

పేరు చూస్తే అలాగే అనిపిస్తుంది కానీ కాదు. సంభాషణ ఎవరు మొదలుపెడతారో పెట్టెకి చెప్పే సెట్టింగ్ అది. సీరియల్ వైపున్న మనిషో మెషినో మొదట మాట్లాడి నెట్‌వర్క్ లోపలికి రావాలా, లేక నెట్‌వర్క్ వైపు నుంచి ఎవరో వచ్చి ఆ పోర్ట్‌ని తెరవాలా అన్నది దీనితోనే తేలుతుంది. డీటీఆర్ (ఇటువైపు సిద్ధం అని చెప్పేది), డీసీడీ (అవతలి లైన్ కలిసిందని చెప్పేది) లాంటి సిగ్నల్ తీగలకు పెట్టె ఏ అర్థం ఇవ్వాలో, లాగిన్ అడగాలో వద్దో కూడా ఈ ఎంపిక మీదే ఆధారపడుతుంది. అందుకే ఒకే కంప్యూటర్‌ని ఒక సందర్భంలో టెర్మినల్‌గా, ఇంకో సందర్భంలో కన్సోల్‌గా పెట్టాల్సి రావచ్చు. వస్తువు మారదు, దాని పాత్ర మారుతుంది.

నా పెట్టె మెనూలో డివైస్ టైప్ అనే మాటే కనబడటం లేదు. ఎక్కడుంది?

వేరే పేరుతో ఉంటుంది. ఈ పెట్టెలు చేసే కంపెనీలు ఒక్కోటి ఒక్కోలా పిలుస్తాయి: డిజి పెట్టెల వెబ్ పేజీలో దాన్ని పోర్ట్ ప్రొఫైల్ అంటారు, మోక్సా ఎన్‌పోర్ట్‌లో ఆపరేషన్ మోడ్ అంటారు. డిజి పాత పోర్ట్‌సర్వర్ కమాండ్ లైన్‌లో మాత్రం పొట్టి పేర్లు ఉంటాయి: టెర్మినల్‌కి టర్మ్, ప్రింటర్‌కి పీఆర్ఎన్, కామ్ పోర్ట్ (కంప్యూటర్‌లో సీరియల్ పోర్ట్‌కి ఉండే పేరు) డ్రైవర్‌కి ఆర్‌పీ. పేరు ఏదైనా, పోర్ట్ నంబర్ నొక్కితే వచ్చే పేజీలో బాడ్ రేటు (తీగ మీద డేటా వెళ్లే స్పీడ్) కంటే ముందు అడిగే మొదటి ఎంపిక సాధారణంగా ఇదే.

నా తూకం మెషిన్ పేరు లిస్టులో లేదు. దేన్ని పెట్టాలి?

లిస్టులో మెషిన్ పేరు వెతకకండి. ఆ తూకం అంకెని ఎవరు చదువుతారో చూడండి. చదివే ప్రోగ్రామ్ కామ్ పోర్ట్ నంబర్ అడిగితే వర్చువల్ కామ్ టైప్ పెట్టాలి. ప్రోగ్రామ్‌కి ఐపీ అడ్రస్, పోర్ట్ నంబర్ ఇచ్చే వీలుంటే టీసీపీ సర్వర్ (పెట్టె కనెక్షన్ కోసం కాచుకుని ఉండే టైప్) పెట్టాలి. తూకం మారగానే మెషినే అంకెని ఒక కేంద్ర కంప్యూటర్‌కి పంపాలంటే టీసీపీ క్లయింట్ (పెట్టే వెళ్లి కనెక్ట్ అయ్యే టైప్). బార్‌కోడ్ స్కానర్, కార్డ్ రీడర్, ఉష్ణోగ్రత సెన్సర్ అన్నిటికీ ఇదే లెక్క.

సీరియల్ పోర్ట్ ఆర్‌జే45 సాకెట్‌లా ఉంది. మామూలు నెట్‌వర్క్ కేబుల్ తగిలించవచ్చా?

సాకెట్ ఆకారం ఒకటే, లోపల నడిచే కరెంటు వేరు. ఆర్ఎస్-232 అనే మామూలు సీరియల్ తీగ మీద ప్లస్ 15 వోల్టుల నుంచి మైనస్ 15 వోల్టుల దాకా ఉండవచ్చు. పైగా ఏ పిన్ను మీద ఏ సిగ్నల్ ఉండాలన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా పెట్టుకుంది. ఒక కంపెనీ అడాప్టర్ ఇంకో కంపెనీ పెట్టెకి సరిపోతుందని అనుకోవద్దు. ముఖ్యంగా తీగలోనే కరెంటు పంపే పీఓఈ స్విచ్ పోర్ట్‌కీ సీరియల్ సాకెట్‌కీ మధ్య కేబుల్ ఎప్పుడూ వేయకండి.

## టైప్ ఎంచుకునేటప్పుడు

టెర్మినల్, కన్సోల్ రెండూ ఒకటే కదా? ఏది పెట్టినా పనిచేయాలి కదా?

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఆ తప్పు వల్ల వచ్చే గొడవ కూడా విచిత్రంగా ఉంటుంది.

టెర్మినల్ టైప్ పెడితే, తీగకి అవతల కీబోర్డు ముందు ఒక మనిషి కూర్చున్నాడని పెట్టె అనుకుంటుంది. అతనికి లాగిన్ ప్రాంప్ట్ పంపి, పేరూ పాస్‌వర్డూ తీసుకుని, నెట్‌వర్క్‌లోకి రానిస్తుంది. కన్సోల్ టైప్‌లో దీనికి తలకిందులు. తీగకి అవతల రౌటరో స్విచ్చో సర్వరో ఉంటుంది, మనిషి నెట్‌వర్క్ వైపు నుంచి వస్తాడు. అప్పుడు పెట్టె తనంతట తాను సీరియల్ తీగ మీదికి ఒక్క అక్షరం కూడా పంపకూడదు. సిస్కో ప్రపంచంలో ఈ పద్ధతినే రివర్స్ టెల్నెట్ అంటారు.

ఒక లైనక్స్ సర్వర్ కన్సోల్‌ని పొరపాటున టెర్మినల్ టైప్ పోర్ట్‌కి తగిలించారనుకోండి. పెట్టె "లాగిన్:" అని పంపుతుంది. సర్వర్ దాన్ని ఎవరో టైప్ చేసిన యూజర్ పేరు అనుకుని పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ మాటని పెట్టె మళ్లీ యూజర్ పేరుగా తీసుకుంటుంది. లాగిన్ తప్పని రెండూ ఒకదానికొకటి చెప్పుకుంటూ, మళ్లీ అడుగుతూ ఆగకుండా తిరుగుతాయి. లాగ్ ఫైళ్లు నిండిపోతాయి. చూసేవాళ్లకి ఎవరో పాస్‌వర్డ్ దాడి చేస్తున్నట్టు కనిపిస్తుంది. నేనూ మొదటిసారి అలాగే అనుకుని ఒక పూట టెన్షన్ పడ్డాను. టైప్‌ని కన్సోల్‌కి మార్చగానే అంతా సద్దుమణిగింది.

మా పాత సాఫ్ట్‌వేర్ కామ్1, కామ్2 తప్ప ఇంకేదీ అడగదు. ఏం చేయాలి?

వర్చువల్ కామ్ టైప్ పెట్టండి. దాన్ని డిజి వాళ్లు రియల్‌పోర్ట్ అంటారు, మోక్సా వాళ్లు రియల్ కామ్ అంటారు. కంప్యూటర్‌లో ఆ కంపెనీ ఇచ్చిన డ్రైవర్ ఇన్‌స్టాల్ చేస్తే కొత్త కామ్ పోర్ట్ కనిపిస్తుంది. కంప్యూటర్ వెనక ఉన్న అసలు పోర్ట్‌కీ దీనికీ తేడా సాఫ్ట్‌వేర్‌కి తెలియదు.

పెట్టె వైపు టైప్ మార్చకుండా డ్రైవర్ మాత్రమే వేస్తే పోర్ట్ కనిపిస్తుంది కానీ తెరుచుకోదు. మధ్యలో ఫైర్‌వాల్ ఉంటే డ్రైవర్ వాడే నంబర్లని అందులో తెరవాలి: రియల్‌పోర్ట్‌కి మామూలుగా టీసీపీ 771, రియల్ కామ్‌లో మొదటి పోర్ట్‌కి 950, 966. ఇంకో చిన్న చిక్కు: కొన్ని పాత ప్రోగ్రాములకి కామ్9 దాటిన నంబర్లు అర్థం కావు. డివైస్ మేనేజర్‌లో చిన్న నంబర్ కేటాయిస్తే సరిపోతుంది.

ఒకే పోర్ట్‌కి టెల్నెట్ నంబర్ ఒకటి, రా టీసీపీ నంబర్ ఒకటి ఉన్నాయి. తేడా ఏంటి?

మనిషి టైప్ చేసేదానికి టెల్నెట్, మెషిన్ డేటాని ఉన్నదున్నట్టు పంపడానికి రా టీసీపీ. డిజి పెట్టెల్లో మొదటి పోర్ట్‌కి టెల్నెట్ 2001, రా 2101 మామూలుగా వచ్చే నంబర్లు. మోక్సాలో టీసీపీ సర్వర్ 4001తో, లాంట్రానిక్స్‌లో 10001తో మొదలవుతుంది.

తేడా ఎందుకు ముఖ్యమంటే, టెల్నెట్‌లో 255 విలువ గల బైట్‌కి ప్రత్యేక అర్థం ఉంది. అది కమాండ్‌కి గుర్తు. అసలు డేటాలో 255 ఉంటే దాన్ని రెండుసార్లు పంపాలి. మీ ప్రోగ్రామ్‌కి ఈ సంగతి తెలియకపోతే డేటా అప్పుడప్పుడూ, అదీ ఏదో ఒక విలువ వచ్చినప్పుడు మాత్రమే, పాడవుతుంది. ఇలాంటి లోపం పట్టుకోవడానికి రోజులు పడుతుంది. 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2217 అనే ఇంటర్నెట్ పత్రం మాత్రం వేరే కథ: బాడ్ రేటునీ కంట్రోల్ సిగ్నళ్లనీ కూడా నెట్‌వర్క్ మీదుగా మార్చేలా టెల్నెట్‌కి చేసిన పొడిగింపు అది. ఏ కంపెనీ డ్రైవర్ మీదా ఆధారపడకూడదు అనుకునేవాళ్లకి మంచి దారి.

సీరియల్ ప్రింటర్ తగిలించాను. టైప్ ప్రింటర్ పెట్టాక కూడా అక్షరాలు మెట్లలా పడుతున్నాయి, మధ్యలో లైన్లు మాయమవుతున్నాయి. ఎందుకు?

ఇవి రెండు వేర్వేరు జబ్బులు.

మెట్లలా పడటానికి కారణం లైన్ ముగింపు. యూనిక్స్, లైనక్స్ వైపు నుంచి వచ్చే టెక్స్ట్‌లో లైన్ ఫీడ్ మాత్రమే ఉంటుంది, క్యారేజ్ రిటర్న్ ఉండదు. కాగితం కిందికి జరుగుతుంది కానీ ప్రింట్ హెడ్ ఎడమ అంచుకి రాదు. ప్రింటర్ టైప్‌లో లైన్ ఫీడ్‌కి క్యారేజ్ రిటర్న్ కలిపే ఎంపిక ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. ఐతే అది సాదా టెక్స్ట్‌కి మాత్రమే. బార్‌కోడ్ లేబుళ్లూ గ్రాఫిక్స్ పంపే ప్రింటర్‌కి ఆన్ చేస్తే, బొమ్మ డేటాలో 10 విలువ ఉన్న ప్రతిచోటా అదనంగా ఒక బైట్ దూరి లేబుల్ చెడిపోతుంది.

లైన్లు మాయమవడం ఫ్లో కంట్రోల్ జబ్బు. ప్రింటర్ బఫర్ నిండి "ఆగు" అంటోంది, పెట్టెకి వినబడటం లేదు. చాలా సీరియల్ ప్రింటర్లు ఆ మాట ఆర్‌టీఎస్ తీగ మీద కాకుండా డీటీఆర్ మీద చెబుతాయి. ప్రింటర్ డీటీఆర్ పెట్టె వైపు సీటీఎస్‌కి (పంపవచ్చా లేదా అని పెట్టె చూసే తీగకి) చేరేలా కేబుల్ ఉండాలి. సెట్టింగులో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ పెట్టాక కూడా కేబుల్‌లో ఆ తీగ లేక ఇబ్బంది పడ్డవాళ్లే ఎక్కువ.

కంప్యూటర్ వైపు ఎల్‌పీఆర్ అనే నెట్‌వర్క్ ప్రింటింగ్ పద్ధతి వాడితే టీసీపీ 515, రా ప్రింటింగ్ ఐతే చాలా ప్రింటర్లకి 9100. డివైస్ సర్వర్‌లో మాత్రం రా నంబర్ ఆ పెట్టె పోర్ట్‌కి కేటాయించినదే. కంప్యూటర్ ప్రింటర్ సెట్టింగులో ఆ నంబర్ మార్చడం మరిచిపోకండి.

మోడెమ్‌కి లోపలికి వచ్చే కాల్స్, బయటికి వెళ్లే కాల్స్, రెండూ అని మూడు ఎంపికలు ఉన్నాయి. రెండూ పెడితే సరిపోదా?

పనిచేస్తుంది. కానీ నిజంగా రెండూ కావాలంటేనే పెట్టండి. లోపలికి మాత్రమే అన్న టైప్‌లో పెట్టె డీసీడీ సిగ్నల్ కోసం కాచుకుని ఉంటుంది. మోడెమ్ అవతలి మోడెమ్‌తో కలవగానే డీసీడీ పైకి లేస్తుంది, అప్పుడు లాగిన్ అడుగుతుంది. బయటికి అన్న టైప్‌లో నెట్‌వర్క్ నుంచి వచ్చినవాళ్లు పోర్ట్ తెరిచి ఏటీ కమాండ్‌లు (మోడెమ్‌కి ఇచ్చే ఆదేశాలు) ఇస్తారు. ఎంపిక ఏదైనా మోడెమ్‌లో &సీ1, &డీ2 పెట్టి ఉండాలి. మొదటిదాని వల్ల డీసీడీ నిజమైన కాల్ ఉన్నప్పుడే లేస్తుంది, రెండోదాని వల్ల పెట్టె డీటీఆర్ దించగానే కాల్ తెగుతుంది. డీసీడీ ఎప్పుడూ ఆన్‌లో ఉండిపోతే లైన్ మీద ఎవరో ఉన్నారనే భ్రమలో పెట్టె ఉంటుంది. లోపలికి వచ్చే కాల్స్‌కి మోడెమ్ ఎకో, జవాబు మాటలు కూడా ఆపేయాలి. లేకపోతే మోడెమ్ పంపే "రింగ్" అనే మాటని పెట్టె యూజర్ పేరుగా తీసుకుంటుంది.

మోడ్‌బస్ మీటర్లకి రా టీసీపీ సరిపోతుందా, మోడ్‌బస్ టైప్ ప్రత్యేకంగా కావాలా?

మోడ్‌బస్ అంటే మీటర్ల లాంటి మెషిన్లని ప్రశ్న అడిగి జవాబు తీసుకునే పద్ధతి. అడిగే ప్రోగ్రామ్ అందులో ఏ భాష మాట్లాడుతుందో చూడండి. అది మోడ్‌బస్ టీసీపీ మాట్లాడితే, అంటే పోర్ట్ 502కి వస్తే, మీటర్ మోడ్‌బస్ ఆర్‌టీయూ (దాని సీరియల్ రూపం) ఐనప్పుడు మధ్యలో అనువాదం చేసే పెట్టె తప్పనిసరి. ఈ రెండిటి సందేశం రూపమే వేరు: ఆర్‌టీయూలో చివర సీఆర్‌సీ (తప్పులు పట్టే అంకె) ఉంటుంది, టీసీపీలో అది ఉండదు, ముందు వేరే హెడర్ ఉంటుంది. మీ పెట్టెలో మోడ్‌బస్ గేట్‌వే టైప్ లేకపోతే రా టీసీపీ పెట్టి సర్దుకోవడం కుదరదు.

ప్రోగ్రామే ఆర్‌టీయూ సందేశాలని టీసీపీ మీద పంపేదైతే రా సరిపోతుంది. ఒకే లైన్ మీద రెండు కంప్యూటర్లు మీటర్లని అడగాలంటే మాత్రం గేట్‌వేనే మేలు. ఒకరి ప్రశ్నకి జవాబు వచ్చేదాకా రెండోవారి ప్రశ్నని అది క్యూలో ఆపుతుంది. రా టీసీపీలో రెండు కనెక్షన్లు అనుమతిస్తే ప్రశ్నలు తీగ మీదే గుద్దుకుంటాయి.

కంప్యూటర్ ఏదీ లేకుండా రెండు సీరియల్ మెషిన్లని నెట్‌వర్క్ మీదుగా కలపవచ్చా?

కలపవచ్చు. రెండు పెట్టెలు కావాలి. ఒకటి టీసీపీ సర్వర్, రెండోది దాని అడ్రస్‌కి వెళ్లే టీసీపీ క్లయింట్. కొన్నిటిలో దీనికి సీరియల్ బ్రిడ్జ్ అనో పెయిర్ కనెక్షన్ అనో విడి టైప్ ఉంటుంది. ఉంటే అదే వాడండి.

## స్పీడ్, పారిటీ, ఫ్లో కంట్రోల్

వెబ్ పేజీలో 9600 పెట్టాను. కాసేపటికి పోర్ట్ 115200కి మారిపోతోంది. ఎవరు మారుస్తున్నారు?

మీ కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్. వర్చువల్ కామ్ టైప్‌లో బాడ్ రేటు, పారిటీ (తప్పులు పట్టే అదనపు బిట్), ఫ్లో కంట్రోల్ అన్నీ ప్రోగ్రామ్ అడిగినట్టే మారతాయి, వెబ్ పేజీలో పెట్టినవి పక్కకి పోతాయి. కాబట్టి సరిచేయాల్సింది ప్రోగ్రామ్‌లో. టీసీపీ సర్వర్, క్లయింట్ టైపుల్లో మాత్రం వెబ్ పేజీలో ఉన్నదే చెల్లుతుంది. ఎందుకంటే మామూలు టీసీపీ కనెక్షన్‌కి బాడ్ రేటు చెప్పే దారే లేదు.

స్క్రీన్ మీద చెత్త అక్షరాలు వస్తున్నాయి. టైప్ తప్పా?

చెత్త వస్తోందంటే తీగలు సరిగానే ఉన్నాయన్నమాట. అది సగం శుభవార్త. ముందు బాడ్ రేటు చూడండి. సిస్కో కన్సోల్స్ చాలావరకు 9600, 8 డేటా బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్. సర్వర్ బోర్డులు, చిన్న లైనక్స్ పరికరాలు ఎక్కువగా 115200. కొన్ని అక్షరాలు సరిగా వచ్చి కొన్ని మాత్రమే పాడైతే 7 బిట్ల, ఈవెన్ పారిటీ మెషిన్‌ని 8 బిట్లుగా చదువుతున్నారేమో చూడండి. పాత తూకం మెషిన్లలో ఇది తరచూ కనిపిస్తుంది. పోర్ట్ గణాంకాల పేజీలో ఫ్రేమింగ్ ఎర్రర్లు పెరుగుతుంటే స్పీడ్ తప్పు, పారిటీ ఎర్రర్లు మాత్రమే పెరుగుతుంటే పారిటీ తప్పు అనుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్ ఫ్లో కంట్రోల్ పెట్టాలా, హార్డ్‌వేర్‌దా?

తీగలు ఉంటే హార్డ్‌వేర్‌దే. సాఫ్ట్‌వేర్ పద్ధతిలో 17, 19 విలువలు గల రెండు బైట్లు "సాగు", "ఆగు" అనే అర్థంతో డేటాలోనే కలిసి వెళ్తాయి. ఫర్మ్‌వేర్ ఫైల్, గ్రాఫిక్స్, మోడ్‌బస్ ఆర్‌టీయూ లాంటి బైనరీ డేటాలో ఆ విలువలు మామూలుగానే వస్తాయి. పెట్టె వాటిని మింగేస్తుంది, లేదా 19 చూసి ఆగిపోతుంది. పంపే తీగ, అందుకునే తీగ, గ్రౌండ్ మాత్రమే ఉన్న మూడు తీగల కేబుల్‌కి హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ పెడితే సీటీఎస్ ఎప్పటికీ రాదు, ఒక్క బైట్ కూడా బయటికి పోదు. కన్సోల్ కేబుళ్లకి ఏదీ వద్దు అని పెట్టడమే నయం.

పోర్ట్‌ని ఆర్ఎస్-485కి (ఒకే లైన్ మీద చాలా మెషిన్లు పెట్టే పద్ధతికి) మార్చాను. మెషిన్ పలకడం లేదు.

ముందుగా ఏ, బీ తీగలని తారుమారు చేసి చూడండి. దేన్ని ఏ అనాలో కంపెనీల మధ్య ఏకాభిప్రాయం లేదు, తారుమారు చేసినంత మాత్రాన ఏదీ కాలిపోదు. తర్వాత రెండు తీగలా నాలుగు తీగలా అన్న సెట్టింగ్ చూడండి. పొడవైన లైన్‌కి రెండు చివర్లలోనే 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి, మధ్యలో ఉన్న ప్రతి మెషిన్ దగ్గరా కాదు. పంపిన ప్రశ్నే మళ్లీ తిరిగి వస్తుంటే అది ఎకో, పెట్టెలో దాన్ని ఆపే ఎంపిక ఉందేమో చూడండి.

ఒకే సందేశం రెండు ముక్కలుగా వస్తోంది. ప్రోగ్రామ్ తికమక పడుతోంది.

టీసీపీకి సందేశం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు, దానికి అంతా ఒకే ధార. 9600 స్పీడ్‌లో సెకనుకి సుమారు 960 అక్షరాలే వస్తాయి. ఒక్కో అక్షరానికి 1 మిల్లీసెకను పైనే పడుతుంది కాబట్టి, పెట్టె దొరికినంత వరకు దొరికినట్టు పంపేస్తుంది. పోర్ట్ సెట్టింగుల్లో రెండు మందులు ఉన్నాయి. సందేశం ఒక నిర్ణీత అక్షరంతో ముగిస్తే ఆ అక్షరాన్ని డీలిమిటర్‌గా ఇవ్వండి. అలా ముగియకపోతే, తీగ మీద ఇన్ని మిల్లీసెకన్లు నిశ్శబ్దం ఉంటే పంపు అని చెప్పండి. మోడ్‌బస్ ఆర్‌టీయూలో సందేశాల మధ్య కనీసం మూడున్నర అక్షరాల ఖాళీ ఉండాలి, 9600లో అది దాదాపు 4 మిల్లీసెకన్లు. ఇవి చేసినా దారిలో సందేశం ముక్కలు కాదన్న హామీ లేదు. ప్రోగ్రామ్ మీ చేతిలోదే ఐతే, సందేశం పూర్తయ్యేదాకా పోగుచేసుకునేలా రాయించడమే అసలు మందు.

## తగిలించాక

ఒక్క అక్షరం కూడా రావడం లేదు. ఎక్కడి నుంచి వెతకాలి?

పెట్టె వైపు నుంచి. మెషిన్ తీసేసి, డీబీ9 (తొమ్మిది పిన్నుల) కనెక్టర్‌లో 2, 3 పిన్నులని చిన్న తీగతో కలపండి. ఫ్లో కంట్రోల్ ఆపేసి, కంప్యూటర్ నుంచి పోర్ట్ తెరిచి ఏదైనా టైప్ చేయండి. టైప్ చేసింది తిరిగి వస్తే పెట్టె, నెట్‌వర్క్, టైప్ మూడూ సరే, తప్పు కేబుల్‌లోనో మెషిన్‌లోనో ఉంది. అప్పుడు నల్ మోడెమ్ కేబుల్ కావాలా తిన్నటి కేబుల్ కావాలా చూడండి. పెట్టే, మెషినూ రెండూ 3వ పిన్ను మీదే పంపుతుంటే తీగలు అడ్డంగా మారాలి, అంటే నల్ మోడెమ్ కేబుల్ కావాలి.

ఇలా పిన్నులు కలిపి చేసే లూప్‌బ్యాక్ పరీక్ష కూడా పనిచేయకపోతే టైప్ డీసీడీ కోసం కాచుకుని ఉందేమో చూడండి. మూడు తీగల కేబుల్‌లో డీసీడీ ఉండదు, మోడెమ్ టైప్ పోర్ట్ ఎప్పటికీ తెరుచుకోదు.

పోర్ట్ వాడుకలో ఉంది అంటోంది. నిజానికి ఎవరూ లేరు.

ఒకప్పుడు ఉన్నారు. ల్యాప్‌టాప్ మూసేసినా నెట్‌వర్క్ తీగ ఊడినా పెట్టెకి ఎవరూ చెప్పరు, పాత కనెక్షన్ ఇంకా బతికే ఉందని అది నమ్ముతుంది. టీసీపీ కీప్‌అలైవ్ (అవతలివాళ్లు ఇంకా ఉన్నారా అని అడిగే ఏర్పాటు) ఆన్ చేసి, దాని సమయాన్ని కొద్ది నిమిషాలకి తగ్గించండి. లైనక్స్‌లో దీని మామూలు విలువ 7200 సెకన్లు, అంటే 2 గంటలు. వాడకం లేకపోతే తెంచే టైమౌట్ కూడా ఉంటుంది. అది కన్సోల్‌కి బాగుంటుంది కానీ, రోజుకి రెండుసార్లు మాత్రమే మాట్లాడే మెషిన్‌కి పెడితే దాని కనెక్షన్‌నే తెంచేస్తుంది.

డివైస్ సర్వర్‌ని ఆఫ్ చేసి ఆన్ చేశాం. దానికి తగిలించిన పాత సన్ సర్వర్ ఆగిపోయింది!

పాత కథే. పెట్టె కరెంటు పోయి వచ్చేటప్పుడు పంపే తీగ కాసేపు నిలిచిపోతే సర్వర్‌కి అది బ్రేక్ సిగ్నల్‌లా కనిపిస్తుంది. సన్ సర్వర్లు కన్సోల్ మీద బ్రేక్ వస్తే నడుస్తున్న సిస్టమ్‌ని ఆపి బూట్ ప్రాంప్ట్‌కి వచ్చేస్తాయి. ఆ ప్రాంప్ట్ దగ్గర "గో" అని కొడితే చాలాసార్లు ఆగిన చోటి నుంచే కొనసాగుతాయి. మళ్లీ జరగకుండా సన్ వాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్ సోలారిస్‌లో బ్రేక్‌కి బదులు వేరే అక్షరాల వరుస పెట్టుకునే ఏర్పాటు ఉంది.

## నడుస్తున్న పోర్ట్‌ని మార్చేటప్పుడు

పని నడుస్తుండగా టైప్ మార్చవచ్చా?

ఆ పోర్ట్ మీదున్న కనెక్షన్ తెగుతుందనుకునే మార్చండి. కొన్ని పెట్టెలు మొత్తం రీస్టార్ట్ అడుగుతాయి, అప్పుడు మిగతా పోర్టులు కూడా ఆగుతాయి. టైప్ మారిస్తే బాడ్ రేటు, టీసీపీ నంబర్ లాంటివి మామూలు విలువలకి వెళ్లిపోవచ్చు. అందుకే మార్చే ముందు పాత పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. సేవ్ నొక్కకుండా బయటికి వచ్చేసి, మార్పు జరగలేదని తిట్టుకోవడం కూడా మామూలే.

పోర్ట్‌కి పాస్‌వర్డ్ అడగడం లేదు. ఎవరైనా రావచ్చా?

రా టీసీపీ పోర్ట్ ఐతే, ఆ అడ్రస్ చేరగలిగిన ఎవరైనా రావచ్చు. వెబ్ పేజీ పాస్‌వర్డ్ సెట్టింగులని మాత్రమే కాపాడుతుంది, సీరియల్ డేటాని కాదు. కన్సోల్‌కి టెల్నెట్ ఆపేసి, డేటాని గుప్తంగా పంపే ఎస్‌ఎస్‌హెచ్ వాడండి. మెషిన్ డేటాకి అనుమతించిన ఐపీ అడ్రస్‌ల జాబితా పెట్టండి. వాడని టైపులనీ సర్వీసులనీ మూసేయండి. ఈ పెట్టెని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

పెట్టె కాలిపోయి కొత్తది వస్తే పాత కాన్ఫిగరేషన్ ఎక్కించవచ్చా?

అదే మోడల్, దగ్గరి ఫర్మ్‌వేర్ ఐతే ఫైల్ ఎక్కించవచ్చు. మోడల్ మారితే ఆ ఫైల్ పనికిరాకపోవచ్చు. అందుకని ప్రతి పోర్ట్‌కి ఐదు సంగతులు కాగితం మీద రాసి పెట్టె మూత మీదే అంటించండి: టైప్, టీసీపీ నంబర్, స్పీడ్ బిట్లతో సహా, ఫ్లో కంట్రోల్, కేబుల్ రకం. ఐదోదే అందరూ మరిచిపోతారు.